గురువు, శుక్రుడు, పేజీ అడుగున రెండు పంక్తులు

గురువునీ శుక్రుణ్ణీ ఇరవై రెండేళ్ళుగా ఎరుగుదును గానీ, ముఖాలెప్పుడూ చూడలేదు. కాకినాడలో పంచాంగాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. గురు మూఢం ఎప్పుడు మొదలు, శుక్ర మూఢం ఎప్పుడు విడుపు, ఏ వారం పెళ్ళిళ్ళు చేసుకోవచ్చు, ఏ నెల చేతులు కట్టుకుని కూర్చోవాలి, ఇవన్నీ నా ఎర్ర పెన్ను కిందుగా పోయాకే జనం గోడలకి వేలాడతాయి. మూఢమంటే ఆ గ్రహం సూర్యుడికి మరీ దగ్గరగా పోయి కంటికి కనపడని రోజులు. కనపడని రోజుల లెక్కంతా నా దగ్గర ఉంది. కనపడే రోజుల్లో నేను ప్రెస్సులో ట్యూబులైటు కింద ఉంటాను.

ఆ ఇద్దరూ పడమటి ఆకాశంలో రోజురోజుకీ దగ్గరవుతున్నారనీ, మార్చి ఒకటో తారీకు సాయంత్రానికి వాళ్ళ మధ్య చిటికెన వేలంత సందు కూడా మిగలదనీ పక్కింటి ఫిజిక్స్ మాస్టారు చెప్పారు. అప్పటికే టీవీలో ఒకాయన రెండూ గుద్దుకుంటాయని హెచ్చరిస్తున్నాడు. ఇంకొకాయన గుద్దుకుంటే ఏ రాశివాళ్ళకి ఉద్యోగాలు పోతాయో చెబుతున్నాడు. నా రాశి ఇద్దరి జాబితాలోనూ ఉంది. ఎలాగూ ఉద్యోగం పోయేదే కదా అని నాలుగు రోజులు సెలవు పెట్టాను.

కాకినాడ ఆకాశంలో సముద్రం మబ్బు సగం, ఎదురు అపార్ట్‌మెంటు సగం. కర్నూలు జిల్లా పడమటి కొసకి పొమ్మనీ, అక్కడ వానలుండవు కాబట్టి మబ్బులూ ఉండవనీ మాస్టారు అన్నారు. వాన లేకపోవడాన్ని సదుపాయంగా లెక్కేసిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. కొత్త కోడలికి బీరువా తాళాలిచ్చినంత అనుమానంగా తన టెలిస్కోపు నా చేతికిచ్చారు.

ఆదోని: ఉగ్గాని, దారం బొక్క

ఆదోనిలో రోడ్డు పక్క కంపచెట్లన్నిటికీ పత్తి కాస్తుంది. మార్కెట్టుకి పోయే లారీల మీంచి ఎగిరి ముళ్ళకి చిక్కుకున్న పింజలవి. రైతు ఆరు నెలలు కష్టపడితే వచ్చే పంట కంపచెట్టుకి ఊరికే వస్తోందనిపించింది.

పొద్దున టిఫినుకి ఇక్కడ ఉగ్గాని తప్ప వేరే మాట లేదు. బొరుగులు తడిపి, ఉల్లిపాయ తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ముప్పై ఐదు రూపాయలు తీసుకున్నారు. మా వైపు వీటిని మరమరాలంటాం, బీచిలో పొట్లాల్లో కట్టి అమ్ముతాం. ఇక్కడ వాటికి టిఫినుగా పదోన్నతి దొరికింది. బజ్జీ కారంగా ఉంటుందా అని ముందే అడిగాను. హోటలు యజమాని, నుదుట విభూతి పెట్టుకున్న పెద్దమనిషి, అస్సలుండదని నమ్మకంగా చెప్పాడు. కళ్ళు తుడుచుకుంటూ తల పైకెత్తేసరికి కౌంటరు వెనక మేకుకి మా పంచాంగం వేలాడుతూ కనిపించింది.

దూరదేశంలో సొంత మనిషి కనపడినట్టయింది. ఇది మా ప్రెస్సుదండీ, ప్రూఫులు నేనే దిద్దుతాను అని గర్వంగా చెప్పుకున్నాను. ఆయన దాన్ని తీసి నా ముందు పెట్టి, దారం కట్టే బొక్క సరిగ్గా మధ్యలో పడలేదనీ, ఏడాదంతా ఏటవాలుగా వేలాడిందనీ, మా ఓనరుకి గట్టిగా చెప్పమనీ అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నాకందిన మొదటి పాఠకుడి అభిప్రాయం అది.

సాయంత్రం లాడ్జి మిద్దె మీద టెలిస్కోపు నిలబెట్టాను. పడమట సరిగ్గా ఎదురుగా ఒక కల్యాణ మంటపం, దాని నెత్తిన రంగుల లైట్లు, ఆకాశాన్ని ఊడుస్తూ తిరిగే పెద్ద ఫోకసు లైటు. మార్చి నెలాఖరుకి గురు మూఢం వస్తుంది కదా, ఆలోపే పెళ్ళిళ్ళన్నీ అయిపోవాలని హడావుడి. ఆ తేదీలు దిద్దింది నేనే. నేను దిద్దిన తేదీకి జరుగుతున్న పెళ్ళి నేను చూడాల్సిన గురువుకి అడ్డం నిలబడింది. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియక కిందికి దిగి పడుకున్నాను.

ఎమ్మిగనూరు: పసుపు పెట్టిన చీర

మరునాడు ఎమ్మిగనూరు పల్లెవెలుగు బస్సులో కండక్టరు టెలిస్కోపు సంచి చుట్టూ రెండుసార్లు తిరిగి, దానికీ టిక్కెట్టు కొట్టాడు. ఇది నక్షత్రాలు చూసే సామానండీ అంటే, నక్షత్రాలకి రాయితీ లేదన్నాడు. మా వైపు కండక్టర్లు ఇంత హాస్యంగా మాట్లాడరు, ఊరికే దింపేస్తారు.

పక్క సీటులో నలభై దాటిన ఒకామె ఒళ్ళో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని కూర్చుంది. వేళ్ళ చివర్లు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. మూడు నెలలుగా గుంటూరు వైపు మిరపకాయల కోతలో ఉందట. పేరు ఈరమ్మ. నా మాటల్లో "అండీ" విన్నప్పుడల్లా నవ్వు ఆపుకుంటోంది. కవర్లో ఏముందని అడిగాను, అడగవలసిన అవసరం లేకపోయినా.

"పెండ్లి సీరక్కా. వాపసియ్యను పోతాండా," అంది.

కూతురు నాగవేణికి రేపు ఉదయం పెళ్ళి. పిల్లవాడు హనుమంతుది అదే ఊరు, అదే మేస్త్రి కింద అదే మిరప చేనులో కోతకి పోతాడు. మేస్త్రిని బతిమాలి మూడే మూడు రోజులు సెలవు తీసుకుని రెండు కుటుంబాలూ వచ్చాయి. తీరా వచ్చాక, గురుడికీ శుక్రుడికీ ఆకాశంలో యుద్ధం జరుగుతోందనీ, ఈ వారం పెళ్ళి వద్దనీ పిల్లవాడి పెదనాన్న అడ్డం తిరిగాడట. ఈ మూడు రోజులు దాటితే మళ్ళీ సెలవు దొరకదు. కోతలయ్యేసరికి మూఢం వస్తుంది. మూఢం పోయేసరికి పిల్లవాడివాళ్ళు బెంగుళూరులో మట్టిపనికి పోయి ఉంటారు.

టీవీ జోస్యాల మీద నాకు నోరు ఊరికే లేచింది. ఆ రెండు గ్రహాల మధ్య కోట్ల మైళ్ళ దూరం ఉందనీ, మన కంటికి ఒకే వరసలో పడ్డాయి గనక దగ్గరగా కనిపిస్తున్నాయనీ బస్సంతా వినేలా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, టీవీలో కాదక్కా, పంచాంగంలోనే రాసుండాదంట అంది. ఏ పంచాంగమో నేను అడగలేదు. పంచాంగాలు మా ఒక్కళ్ళవే కాదు కదా.

ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళ వీధిలో చీర నేసినాయన ఇంటికి ఆమె వెంట నేనూ పోయాను. ఆయన మడత విప్పి, కొంగు మూలకి అంటిన పసుపు చూసి, మళ్ళీ మడత పెట్టి ఆమె చేతికిచ్చేశాడు. పెళ్ళి చీరకి పసుపు పెట్టాక అది ఆ పిల్లదే, అంగడికి తిరిగి రాదు, అది మా కట్టుబాటు అన్నాడు. డబ్బు ముట్టకుండా మర్యాదగా నష్టపరచడం ఎలాగో ఆ రోజు నేర్చుకున్నాను. ఈరమ్మ ఏడవలేదు. నన్ను చూసి, సుక్కలు సూసేదానికే వచ్చింటే మా ఊరికి రా అక్కా, మాకు నీళ్ళకే గాని సుక్కలకేమీ తక్కువ లేదు అంది.

పేరు రాయనని మాటిచ్చిన ఊరు

అది ఎమ్మిగనూరుకీ కోసిగికీ మధ్య ఉంటుందని మాత్రం చెబుతాను. సగం ఇళ్ళకి తాళాలు, మనుషులంతా మిరప చేలల్లో ఉన్నారు. ఈరమ్మ ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, చెనక్కాయల పొడి, అదే మా వేరుశనగ పొడి, పెట్టింది. మేం గోంగూరని తలకెత్తుకుని ఊరేగుతాం గానీ, అదే ఆకుని పుంటికూరని పిలిచి ఇంత సాదాసీదాగా వండుకునే మనుషులున్నారని మా వాళ్ళకి తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటారు.

పెళ్ళి పందిరి సగం వేసి ఆపేశారు. నాగవేణి వాకిట్లో కూర్చుని మిగిలిన మామిడాకులు ఒక పక్కకి పేరుస్తోంది. ఓదార్పుగా ఏదో అనబోయాను. ఆ పిల్ల తలెత్తకుండానే చెప్పింది.

"వానికీ నాకూ పక్కపక్క సాళ్ళు అక్కా. పెండ్లి నిల్చిపోతే ఎల్లుండి నుంచి మళ్ళా ఆడనే కాయలు తెంపల్ల. ఎట్ల మొకం సూసుకునేది?"

సాయంత్రానికి సిద్ధం చేసుకుందామని టెలిస్కోపు మోసుకుని ఊరి పడమటి మిట్టెక్కాను. మూడు కాళ్ళ స్టాండు నాటి, గొట్టం బిగించి, ఒక కన్ను మూసి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూస్తున్నాను. ఐదు నిమిషాల్లో నా వెనక పదిహేను మంది నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ పొలం పాసుబుక్కులు. భూముల సర్వేకి వచ్చానని వాళ్ళ నమ్మకం. కాదంటే, సర్వేవాళ్ళంతా మొదట అట్లనే అంటారని ఒకామె చెప్పింది.

అందరికంటే ముందున్న పెద్దాయన ఉరుకుందప్ప. తెల్ల మీసాలు, తలకి తువ్వాలు. హనుమంతు పెదనాన్న ఈయనే అని ఈరమ్మ నా చెవిలో చెప్పింది. ఆయనకున్నది ఎకరా డెబ్బై సెంట్లు, పాసుబుక్కులో అచ్చయింది డెబ్బై సెంట్లు. ఎకరా మాయమైంది. మూడేళ్ళుగా తిరుగుతున్నాడట. నేను సర్వేయరుని కాననీ, గురుశుక్రుల్ని చూడటానికి వచ్చాననీ వివరించాను. మిగతావాళ్ళు నిరాశగా వెళ్ళిపోయారు. ఆయన మాత్రం ఉత్సాహంగా ఇంటికి రమ్మని పిలిచి, గూట్లోంచి పంచాంగం తీసి, ఫాల్గుణ మాసం పేజీ మడత విప్పి, నువ్వు సదువుకున్నదానివి, సదువు అన్నాడు.

దారం బొక్క మధ్యలో లేదు. మా ప్రెస్సుదే.

పేజీ అడుగున రెండు పంక్తులున్నాయి. "గురుశుక్ర సమాగమము. గ్రహయుద్ధ కాలము. శుభకార్యములయందు జాగరూకత వలయును."

అది పంచాంగం గుణించే సిద్ధాంతి రాసింది కాదు. నేను రాసింది. మా ప్రెస్సులో పేజీ అడుగున తెల్లజాగా వదలకూడదు. వదిలితే అచ్చు సరిగా పడలేదని అంగళ్ళవాళ్ళు పుస్తకాలు తిప్పి పంపుతారు. అందుకని పేజీల ఫారం అచ్చు మిషనెక్కే ముందు సిద్ధాంతికి ఫోను కలవకపోతే, ఆ జాగా నింపే పని ప్రూఫులు దిద్దేవాళ్ళది. ఫాల్గుణం పేజీలో రెండు పంక్తులు మిగిలాయి. ఆ వారం ఇద్దరూ దగ్గరవుతారని పట్టికలో ఉంది గనక ఆ మాట రాసి, "జాగరూకత వలయును" అని ముగించాను. జాగ్రత్తగా ఉండమంటే ఎవరికి నష్టం అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. వరండా నిండా చుట్టాలు ఉన్నారు. ఇది శాస్త్రం కాదండీ, జాగా మిగిలితే నింపాను, తప్పు నాదే, పెళ్ళి ఆపకండి అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

ఉరుకుందప్ప పంచాంగం మూసి గూట్లో పెట్టేశాడు.

"అచ్చులో పడినాక అది తప్పని ఎట్లంటావమ్మా? నా ఎకరా పోయింది తప్పని నేనూ మూడేండ్లుగా సెప్తాండా. ఎవురన్నా ఇన్నారా? అచ్చు అచ్చే."

చుట్టాలంతా తలలూపారు. పెళ్ళి ఆపడానికి నేనే కారణమని ఒప్పుకున్నా నన్నెవరూ నమ్మలేదు. నేరం ఒప్పుకున్నాక కూడా పట్టుకోకపోవడం ఎంత కష్టమో అంతకుముందు నాకు తెలియదు.

మిట్ట మీద, దీపాలు పెట్టే వేళ

చేసేదేమీ లేక, చూడటానికి వచ్చిందాన్ని చూసి పోదామని మిట్టెక్కాను. కనీసం యుద్ధం ఎట్లుందో చూస్తానని ఉరుకుందప్ప నా వెంట వచ్చాడు, ఆయన వెంట ఊళ్ళో మిగిలిన వాళ్ళంతా వచ్చారు. పొద్దు కుంకి అరగంట అయింది. నడినెత్తిన చంద్రుడు. పడమట ఎర్రదనం వదులుతున్న చోట రెండు దీపాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి బాగా పెద్దది, శుక్రుడు. దాన్ని ఆనుకుని కొంచెం తగ్గినది గురువు. టెలిస్కోపు అక్కర్లేదు, మనిషికి కళ్ళుంటే చాలు.

ఇరవై రెండేళ్ళు వీళ్ళ రాకపోకలు దిద్దాను. ఇంత అందంగా ఉంటారని ఏ పట్టికలోనూ లేదు. నాకు ఏడుపొచ్చింది. బజ్జీ కారం ఇంకా తగ్గలేదని ఈరమ్మతో చెప్పాను.

గొట్టం అటు తిప్పి, సరిచూసి, ఉరుకుందప్పని పిలిచాను. ఆయన చెప్పులు విడిచి, తువ్వాలు నడుముకి కట్టుకుని వంగాడు. గురువు పక్కన ఆ చిన్న చుక్కలేమిటని అడిగాడు. అవి ఆయన చందమామలు, పెద్దవి నాలుగున్నాయి, ఆయన చుట్టూ తిరుగుతుంటాయని చెప్పాను. మరి శుక్రుడికి ఎన్ని అన్నాడు. ఒక్కటీ లేదన్నాను. కోట్ల మైళ్ళ ఉపన్యాసం అందుకోబోయేలోగా ఆయన చెయ్యెత్తి ఆపి, మళ్ళీ వంగి చూసి, నడుము నిటారుగా చేసి జనం వైపు తిరిగాడు.

"కొట్లాటకు పోతే ఇద్దరూ మందిని తోలుకొస్తారప్పా. ఈడ గురుడు నలుగురిని ఎంటబెట్టుకొని వచ్చినాడు, ఆయప్ప ఇంటికాడ ఒంటిగా కూసున్నాడు. ఇది పిల్లనడగను వచ్చినట్లుండాది గాని యుద్ధం గాదు."

ఆ తర్వాత ఊరంతా వరసకట్టి ఆ నలుగుర్నీ చూసింది. వాళ్ళలో ఎవరు మేనమామ, ఎవరు పెదనాన్న అని వాదన కూడా జరిగింది. నా భౌతికశాస్త్రం, నా క్షమాపణ, నా కన్నీళ్ళు చేయలేని పని నలుగురు చందమామలు వరసలో నిలబడి చేసిపెట్టారు. హనుమంతు, పెదనాన్న వెనక నిలబడి ఉన్న బక్కపల్చని కుర్రాడు, గొట్టంలో చూడకుండా నేరుగా పందిరి దగ్గరికి పోయి మిగిలిన గుంజలు పాతడం మొదలుపెట్టాడు.

పందిట్లో

మరునాడు పొద్దున పది దాటాక తాళి కట్టించారు. పసుపు పెట్టిన చీర నాగవేణి మీద ఉంది. పంక్తిలో ఓళిగలు వడ్డించారు. మా బొబ్బట్టు కంటే పల్చన, పెద్ద, మెత్తన. మా ఊళ్ళో ఈ మాట అనను.

మంత్రాలయం వైపు నుంచి వచ్చిన పురోహితుడు దంపతుల్ని పందిరి బయటికి తీసుకొచ్చి, ఉత్తరం వైపు మండే ఆకాశంలోకి వేలు చూపించి అరుంధతిని చూడమన్నాడు. అప్పటికి టైము పదకొండున్నర. టెలిస్కోపుతో పాటు మాస్టారిచ్చిన నక్షత్రాల పటం ప్రకారం ఆ వేళకి అరుంధతి ఆకాశంలోనే లేదు, దిగంతం కిందికి దిగిపోయి చాలాసేపయింది. ఆ సంగతి పందిట్లో నా ఒక్కదానికే తెలుసు. కర్మం కొద్దీ పురోహితుడు నావైపు తిరిగి, గ్రహాలు చూసే అమ్మగారున్నారు కదా, ఏమమ్మా, కనపడిందా అని అందరి ముందూ అడిగాడు. నాగవేణి నావైపే చూస్తోంది.

కనపడిందండీ, చక్కగా కనపడింది అన్నాను. నిన్న నిజం చెబితే నమ్మని జనం దీన్ని ఒక్కమాటతో నమ్మేశారు.

ఎమ్మిగనూరు పోయే ఆటో ఎక్కబోతుంటే ఉరుకుందప్ప వెనకే వచ్చాడు. తన పెళ్ళినాడు తాను కూడా కనపడిందనే చెప్పాడట, చెప్పి నవ్వాడు. తర్వాత చుట్టూ చూసి, తువ్వాల్లోంచి పంచాంగం తీశాడు. ఫాల్గుణం పేజీ అప్పటికే మడత పెట్టి ఉంది.

"నిన్న పదిమందిలో నీ మాట ఒప్పుకుంటే అచ్చంతా అబద్ధమనుకుంటారని ఊరకుంటి. నువ్వు రాసినావంటివి గదా. నువ్వే కొట్టేయ్."

సంచిలో ఎర్ర పెన్ను ఉంది, అదెప్పుడూ ఉంటుంది. ఆటో సీటు మీద పేజీ పరిచి, ఆ రెండు పంక్తుల మీద అడ్డంగా గీత గీసి, పక్కన అంచులో ప్రూఫుల్లో వాడే తీసివేత గుర్తు పెట్టాను. అచ్చయి అమ్ముడుపోయిన పుస్తకంలో దిద్దడం నాకదే మొదటిసారి. ఆటో ఇంజను అదురుకి గీత వంకరపోయింది.

ఆయన దాన్ని ఎండకి పట్టి చూసుకున్నాడు. గీత కింద అక్షరాలు ఇంకా కనపడుతున్నాయి.

"అచ్చయిన తప్పును రాసినోళ్ళే వచ్చి దిద్దేది ఇదే సూస్తాండా," అన్నాడు. అని, చొక్కా జేబులోంచి పాసుబుక్కు కూడా తీసి, డెబ్బై సెంట్లున్న పేజీ విప్పి, నా పెన్ను వైపు చూశాడు. అది నేను రాసింది కాదండీ అన్నాను. తెలుసమ్మా అని, పాసుబుక్కు మడిచి పంచాంగం లోపల ఆ పేజీ మధ్యనే పెట్టుకుని వెనక్కి నడిచాడు.